నాలుగో కుట్టు

మేడ మీద, కుట్టుగది

ఒరేయ్ బుడ్డోడా,

బాగున్నావా అని అడగను. బాగోకపోతే నువ్వే నాలుగు పేజీలు రాసేవాడివి. ఇది రాసి పెడుతున్నది కింద మందుల షాపావిడ. మంచి మనిషే, కానీ నేను తిట్టిన చోటల్లా చుక్కలు పెడుతోందని నాకు అనుమానం. నాకు చదువు రాకపోవచ్చు, చుక్కకీ అక్షరానికీ తేడా తెలీదా? ఏమ్మా, ఉన్నదున్నట్టు రాయి.

నీతో ఒక పంచాయితీ ఉంది. నువ్వు గురువుల్నీ నమ్మవు, శిష్యుల్నీ నమ్మవు. నలభై ఏళ్ళు లారీ తోలి దేవుణ్ణి బ్రేకుల్లో చూశానంటావు. అందుకే నీకు చెబుతున్నా. నమ్మేవాళ్ళకి చెబితే వినకుండా కాళ్ళ మీద పడతారు.

నా గురువుగారు పరుపుల తాత నీకు తెలుసు. మొగుడు పోయి నేను వీధిన పడ్డనాడు ఆయన నా చేతికి సూదిచ్చాడు, చెవిలో ఒక మాట వేశాడు. సూది కడుపు నింపింది. మిగతాదంతా ఆ మాట నింపింది. ఏటా ఆయన పోయిన రోజున నేను చేసే పూజ ఒక్కటే. ఆయన కప్పుకున్న బొంత తీసి, ఒక గడి కుట్టంతా విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ కుడతాను. పూలు లేవు, హారతి లేదు. ఆయన చెప్పిందే అది. "నాకు దండం పెట్టకు. తప్పు కుట్టు కనబడితే విప్పు, అదే దండం" అనేవాడు.

కిందటేడు ఆ రోజున నాకు పెనం లాంటి జ్వరం. కింద హాలు నిండా జనం. నా శిష్యులంటే ఏమనుకున్నావు, సగం మందికి పళ్ళు లేవు. వాళ్ళలో ఒకావిడ, "అమ్మా, మీరు నూరేళ్ళు ఉండాలి" అంది. నాకు ఒళ్ళు మండింది. "నా గురువు ఎనభై ఒక్క ఏళ్ళ మూడు నెలలు బతికాడు. ఆయన కంటే ఒక్క పొద్దు ఎక్కువ బతకను. ఇది నా మాట" అన్నాను. హాల్లో ఒక్కరు దగ్గలేదు. నిజం చెప్పుకోవాలిగా, ఆ నిశ్శబ్దం నాకు తియ్యగా ఉంది. అది నా తప్పు. అదీ రాయమ్మా.

హెడ్మాస్టరు ఆ మాట రాసుకున్నాడు. ఆయన గురించి నీకు ఎప్పుడో చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందట, చనిపోయిన భార్య పరుపు తెచ్చి దూది మార్చమన్నాడు. "మారిస్తే ఆవిడ పడుకున్న గుంట పోతుంది, పోనివ్వమంటావా?" అన్నాను. అక్కడే కూలబడి ఏడ్చాడు. అప్పట్నుంచి ఒక్క గురువారం తప్పలేదు. నేను తుమ్మినా నోటుబుక్కులో ఎక్కిస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న వడ్రంగి వచ్చి, మీకు పీఠం చేయిస్తున్నారు, కొలతలు కావాలి అన్నాడు. నన్ను బాసింపట్టు వేసి కూర్చోబెట్టి ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి కొలిచాడు. వీపు కొలిచాడు. ఆ తర్వాత నేల మీంచి నా నడినెత్తి దాకా టేపు పెట్టి, పైన నాలుగు వేళ్ళు వదులు కలిపాడు. ఒరేయ్, నేనూ కొలతల మనిషినే. కూర్చునే పీటకి నడినెత్తి కొలత ఎందుకురా? నెత్తి కొలిచేది పైన మూత పడేదానికి. అదే అడిగాను. వాడు టేపు చుట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నాకేమీ భయం లేదు. వీలైతే ఒకసారి వచ్చి పో.

అక్క

*

లారీ షెడ్డు వెనక గది

అక్కా,

నీ ఉత్తరంలో మూడు చోట్ల చుక్కలున్నాయి. ఏ తిట్టో నేను పూరించుకున్నాను, షాపావిడకి చెప్పు.

నువ్వు ముసలిదానివైపోయావు. వడ్రంగి టేపు చూసి బెదిరావంటే నమ్మలేకుండా ఉన్నాను. నన్ను కుక్క తరిమినప్పుడు దాన్ని చీపురుకట్టతో వీధి చివరిదాకా తరిమిన మనిషివి. ఏమో, పీఠానికి పైన గొడుగు లాంటిది పెడతారేమో. దేవుణ్ణి చేస్తున్నారు కదా, దేవుడికి పైకప్పు ఉండాలి. ఉత్తపుణ్యానికి నిన్ను కూర్చోబెట్టి మొక్కుతుంటే కులాసాగా కూర్చోక ఈ గోలేంటి?

మీ హెడ్మాస్టరు మర్యాదస్తుడే. నాకు పోయిన నెల ఉత్తరం రాశాడు. ఎంత గుండ్రటి అక్షరాలో! "అమ్మగారి జన్మదినం మాకు తెలియదు, వారూ చెప్పలేరు. వారిని సముచితంగా గౌరవించుకోవడానికి ఆ తేదీ కావాలి" అన్నాడు. నీ వయసు నీకు తెలీదు కదా! ఆ మధ్య డాక్టరు అడిగితే డెబ్బైకీ తొంభైకీ మధ్య ఏదో ఒకటి వేసుకోమన్నావట. నేనే తేల్చాను. నాకంటే ఆరేళ్ళ మీద పది రోజులు పెద్దదానివని అమ్మ చెప్పేది. నా లైసెన్సు మీద నా తేదీ ఉంది. దాంట్లోంచి తీసేసి, నీ పుట్టిన రోజు ఖరారు చేసి, లైసెన్సు నకలు కూడా జత చేసి పంపాను. చూశావా, నీకు వయసు ఇచ్చిన మొగాణ్ణి నేనే.

ఇప్పుడు మాత్రం రాను. అల్లుడి లారీకి బ్రేకులు విప్పి పెట్టారు. నేను తిండికి రానని మారాం చేస్తే, "వీడు రానన్నాడంటే వస్తున్నట్టే" అని నువ్వు ఇంకో కంచం పెట్టేదానివి, గుర్తుందా? ఈసారి పెట్టకు. నిజంగానే రాను.

బుడ్డోడు

*

మేడ మీద, కుట్టుగది

ఒరేయ్ తెలివితక్కువ సన్నాసీ,

చుక్కలు పెట్టొద్దమ్మా, మొత్తం రాయి. నీ లైసెన్సు కాగితం తిన్నగా వచ్చి నా మెడకి చుట్టుకుంది.

కిందటి గురువారం హెడ్మాస్టరు హాల్లో లేచి నిలబడి లెక్క చదివాడు. అమ్మ పుట్టిన తేదీ ఇది, దానికి ఎనభై ఒక్క ఏళ్ళ మూడు నెలలు కలిపితే ఇన్నో తారీఖు అన్నాడు. నలభై ఆరు రోజులుంది. జనం ఏడుస్తూనే చేతులు జోడించారు. ఒక్కరు కూడా ఇదేం లెక్కండీ అని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక నేను కిందికి దిగి హాలు వెనక్కి వెళ్ళాను. రేకుల షెడ్డు కింద గొయ్యి ఉంది. ఇటుకలు కట్టి, సున్నం వేసి, ముచ్చటగా ఉంది. నేను దిగి బాసింపట్టు వేసుకుని కూర్చుని చూశాను. మోకాళ్ళ దగ్గర నాలుగు వేళ్ళు, నెత్తి మీద నాలుగు వేళ్ళు. సరిగ్గా సరిపోయింది. కొలత తెలిసినవాడురా వడ్రంగి, వాణ్ణి అనడానికి లేదు. ఎక్కి రావడానికే తంటాలు పడ్డాను, పట్టుకోవడానికి ఏమీ పెట్టలేదు.

హెడ్మాస్టర్ని నిలదీశాను.

"ఏమయ్యా, నన్ను పాతిపెడతావా?"

"అయ్యో, అంత మాటా! గురువు మాట అబద్ధం కాకూడదమ్మా. మీరు మాట ఇచ్చారు. దాన్ని కాపాడడం శిష్యుల బాధ్యత. మీకు ఏ కష్టమూ కలగనివ్వం."

"జ్వరంలో వాగానయ్యా."

"గురువుకి జ్వరం ఒంటికే వస్తుందమ్మా, మాటకి రాదు."

చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు. అదే నాకు దడ పుట్టించింది. దొంగైతే చెప్పుతో కొట్టి ఉందును. ఈయన నేను లేకపోతే అన్నం తినలేని మనిషి.

ఆ రోజు నుంచి నాకు ఒక పూటే భోజనం పంపుతున్నారు. తేలిగ్గా ఉంటుందట. షాపావిడ తన డబ్బాలోంచి సగం పెడుతోంది కాబట్టి ఈ గొంతు ఇంకా లేస్తోంది.

పోలీసులంటావు, నాకు తెలుసు. వెళ్ళి ఏమని చెబుతావు? నన్నెవరూ చెయ్యిపట్టి లాగలేదు, కొట్టలేదు. అందరూ మొక్కుతున్నారు. మొక్కారని కేసు పెడతారా? పైగా ఇన్‌స్పెక్టరు తల్లి గురువారం గురువారం వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది.

ఇక జాగ్రత్తగా విను. రేపు నా ఉత్తరాలు ఎవరు రాస్తారో నాకు తెలీదు, ఏం రాశారో చదువుకోలేను. అందుకని ఈ ఉత్తరం మూల చూడు. ఎర్రదారంతో మూడు కుట్లు వేశాను. మూడుంటే నేను బాగున్నట్టు. కుట్లు లేకపోతే ఆ ఉత్తరం నాది కాదు. నాలుగుంటే, లోపల ఏం రాసినా చదవకు, బయలుదేరు. ఇది నీకూ నాకూ ఈ షాపావిడకీ తప్ప ఎవరికీ తెలీదు.

నువ్వేం రాశావో ఆ కాగితంలో, ఇంకోసారి సరిగ్గా గుర్తు తెచ్చుకో.

అక్క

(అమ్మగారికి నిన్న రెండుసార్లు కళ్ళు తిరిగాయి. రాయొద్దన్నారు. రాశాను. మందుల షాపు.)

*

లారీ షెడ్డు వెనక గది

అక్కా,

మూడు రోజులుగా నిద్ర లేదు. గుర్తు తెచ్చుకోమన్నావు. తెచ్చుకున్నాను. మర్చిపోయి ఉంటే బాగుండేది.

ఆ లైసెన్సు మీద తేదీ అబద్ధం. పదహారేళ్ళకి క్లీనరుగా ఉన్నాను. డ్రైవరు సీటు మీద పిచ్చి. పద్దెనిమిది నిండితేనే లైసెన్సన్నారు. ఓనరు నవ్వి, రెండేళ్ళు కలిపి రాయించాడు. అమ్మకి కూడా చెప్పలేదు. యాభై ఏడేళ్ళుగా ఆ రెండేళ్ళనీ మోసీ మోసీ అవి నావే అనుకున్నాను. నాకు డెబ్బై అయిదు కాదక్కా, డెబ్బై మూడు. నీకు డెబ్బై తొమ్మిది.

సీటు కోసం నేనాడిన అబద్ధం నిన్ను గోతి దాకా తెచ్చింది. బ్రేకులు పడని లారీలో కూడా నేనింత వణకలేదు.

మీ హెడ్మాస్టరుకి ఇదంతా రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. నా సంతకం పెట్టాను, ఇద్దరు సాక్షులతో పెట్టించాను. గురువు మాట అబద్ధం కాకూడదంటున్నాడుగా, మరి లెక్కే అబద్ధమైతే ఏం చేస్తాడో చూద్దాం. ఇంకా రెండేళ్ళుంది. ఈలోగా నిన్ను తీసుకొచ్చేస్తాను. గదిలో నా మంచం నీకు, నేను బల్ల మీద పడుకుంటా. అల్లుడికి చెప్పాను.

నన్ను తిట్టు. షాపావిడతో చుక్కలు పెట్టొద్దని చెప్పు.

బుడ్డోడు

*

గురుమందిరం కార్యాలయం

పూజ్యులైన అమ్మగారి సోదరులకు,

నమస్కారాలు. తమరి రిజిస్టరు ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. యౌవనంలో చేసిన పొరపాటును ఈ వయసులో ఒప్పుకోవడం సామాన్యులకు సాధ్యం కాదు. అమ్మగారి రక్తం అనిపించుకున్నారు.

తమరి కంగారు నాకు అర్థమైంది. నేనూ నా భార్య మంచం పక్కన అలాగే లెక్కలు వేసుకున్నవాణ్ణే. అయితే ఒక్క మనవి. మీరు ఒక అక్కను పోగొట్టుకుంటానని భయపడుతున్నారు. ఆమె మాట పొల్లుపోతే మేము మూడు వందల మందిమి మా జీవితాలనే పోగొట్టుకుంటాం. ఆమె చెప్పింది నిజమని నమ్మి ఇల్లు మార్చినవాళ్ళున్నారు, తాగుడు మానినవాళ్ళున్నారు, చావబోయి ఆగినవాళ్ళున్నారు. నేను మూడో రకం. ఒక్క మాట అబద్ధమైతే మిగతావి ఏమవుతాయో తమరే చెప్పండి.

తమరి ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. సమయం వచ్చినప్పుడు అందరి ముందూ చదువుతాను. అమ్మగారిని గురించి దిగులు వద్దు. మందుల షాపు ఆవిడ రాకపోకలు వారిని అలసటకు గురిచేస్తున్నాయి. ఆ విషయం చూస్తున్నాము.

భవదీయుడు,
హెడ్మాస్టరు

*

మేడ మీద, కుట్టుగది

ఒరేయ్ దొంగవెధవా,

రెండేళ్ళు చిన్నదాన్నయ్యానని అద్దంలో చూసుకున్నాను. ఏమీ మారలేదు. పోనీలే, ఏడవకు. ఆ రోజుల్లో నువ్వు ఆ లారీ తోలబట్టే నా చేతికి మొదటి కుట్టుమిషను వచ్చింది. నీ అబద్ధం తిన్నదాన్నే నేనూ.

కానీ నీ మందు నాకు పనికి రాదురా. రెండేళ్ళు తెచ్చిచ్చావు, సరే. రెండేళ్ళు పోయాక మళ్ళీ టేపు పట్టుకుని రారా? తారీఖు కాదు తప్పు. మాట తప్పు. చావు నా చేతిలో ఉన్నట్టు నలుగురి ముందూ మీసం మెలేశాను, లేని మీసం. అది పొగరు కుట్టు. తాత ఉంటే ఆ గడి మొత్తం విప్పించి, నా నెత్తిన మొట్టి, మళ్ళీ కుట్టించేవాడు.

ఆయన ఒకసారి పెళ్ళివారి పరుపు తీసుకెళ్ళి ఇచ్చాడు. వాళ్ళకి బ్రహ్మాండంగా నచ్చింది. ఇంటికొచ్చాక ఆయనకి తెలిసింది, మధ్యలో ఒక వరస దూది తక్కువైందని. మర్నాడు వెళ్ళి, పెళ్ళివారందరి ముందూ కూర్చుని, తనే విప్పి, "నాదే తప్పు" అని మళ్ళీ నింపాడు. దాంతో ఆయన పరువు పోయిందనుకున్నావా? ఆ ఊళ్ళో ఆయన చెప్పిందే ధర అయింది.

అందుకని పారిపోను. నేను పోతే మాట ఆ నోటుబుక్కులో అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకో ముసలావిడకి టేపు పెడతారు. కుట్టినవాళ్ళే విప్పాలి. గురువుగారి రోజు ఇంక పన్నెండు రోజుల్లో ఉంది. వాళ్ళు వేసుకున్న తారీఖుకి వారం ముందే. ఆ రోజు హాల్లో ఆయన బొంత పట్టుకుని నిలబడి, నా మాట నేనే విప్పుతాను. శిష్యులన్నాక గురువు తప్పు చూసే ధైర్యం కూడా నేర్చుకోవాలి. అదీ నేర్పకపోతే ఇరవై ఏళ్ళూ నేను నేర్పిందేమిటి?

నువ్వు రావద్దు. వస్తే, తమ్ముడొచ్చి ఈడ్చుకుపోయాడు, లేకపోతే అమ్మ మాట నిలబెట్టేదే అంటారు.

షాపావిడ ఇప్పుడు వెనక మెట్ల మీంచి వస్తోంది. ముందువైపు ఒకాయన కుర్చీ వేసుక్కూర్చుని, అమ్మకి విశ్రాంతి అంటున్నాడు. నన్ను అడగలేదు.

మూల చూసుకో. మూడే.

అక్క

*

మేడ మీద, కుట్టుగది

బుడ్డోడా,

చెప్పినట్టే చేశాను. జరిగింది వరసగా చెబుతాను.

హాలు కిటకిటలాడిపోయింది. ఎప్పుడూ లేంది నా కాళ్ళు కడుగుతామన్నారు. వద్దన్నాను. తాత బొంత విప్పి అందరికీ చూపించాను. "ఇది నా గురువు కప్పుకున్నది. ఇందులో నేను కుట్టిన తప్పు కుట్లున్నాయి. ఆయన చూసి నవ్వేవాడు, విప్పించేవాడు. కిందటేడు ఇదే రోజు ఇక్కడే నిలబడి ఇంకో తప్పు కుట్టాను. ఎన్నాళ్ళు బతకాలో నేను చెప్పాను. ఆ మాట తప్పు. పొగరుతో అన్నాను, జ్వరంలో అన్నాను. ఇదిగో, విప్పుతున్నా" అని కత్తెరతో ఒక వరస మొత్తం కోసేశాను. దూది బయటికొచ్చింది.

సరే, ఇప్పుడు తిడతారు, లేచి పోతారు అనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. నిజం చెప్పనా, అందరూ లేచిపోతే ఒంటరిగా కూర్చుని ఆ గడి హాయిగా కుట్టుకోవచ్చని ఆశపడ్డాను.

అప్పుడు హెడ్మాస్టరు లేచాడు. నీ ఉత్తరం తీశాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నీ లైసెన్సూ, నీ పదహారేళ్ళూ, నీ సాక్షులూ. చదివి, "విన్నారా! అమ్మ మాట తప్పలేదు. మన లెక్క తప్పింది. ఇంకా రెండేళ్ళున్నాయి" అన్నాడు.

ఏడుపులు చూడాలిరా! కావలించుకుని ఏడ్చారు. నేను చెప్పింది విన్నవాళ్ళు ఒక్కరు లేరు, నా మాట నిలబడిందని మాత్రం మూడు వందల మంది ఏడ్చారు. తెగిన దూది కింద పడితే ఏరుకుని కళ్ళకద్దుకుని జేబుల్లో పెట్టుకున్నారు. నా గురువు బొంత సగం అలా పోయింది.

"నేను విప్పానని రాశావా?" అని హెడ్మాస్టర్ని అడిగాను.

"రాశానమ్మా. 'అమ్మ వినయం' అని రాశాను" అన్నాడు.

గొయ్యి పూడ్చలేదు. పైన చెక్కలు పరిచి, దాని మీద నేను కుట్టిన పరుపే వేసి, నన్ను కూర్చోబెట్టి పూజ చేశారు. కూర్చుంటే కింద డొల్ల మోగింది. అందరూ వెళ్ళాక హెడ్మాస్టరు పక్కన చేరి, నెమ్మదిగా అన్నాడు. "ఒక్క సందేహం అమ్మా. గురువుగారి కంటే ఎక్కువ బతకను అన్నారు మీరు. తక్కువ బతకను అని అనలేదు కదా?"

నేను ఆయన మొహంలోకి చూశాను. అడుగుతున్నాడు, అంతే. బళ్ళో పిల్లలు అడిగినట్టు అడుగుతున్నాడు.

షాపావిడని ఈ వారంలో ఖాళీ చేయమన్నారు. ఈ మేడ ఓనరు కూడా నా శిష్యుల్లో ఒకడే, నీకు తెలుసుగా. ఇక మీదట ఉత్తరాలు తనే రాసి పెడతానని హెడ్మాస్టరు అన్నాడు. మెట్ల కింద తలుపుకి కొత్త గడియ వేశారు. బయటి వైపు వేశారు. గాలికి కొట్టుకుంటోందట.

ఇవాళ్టికీ మూడే వేశాను. నోరుంది, కత్తెరుంది. ఇప్పుడే నాలుగోది వేస్తే నా గురువు ముందు బెదిరినట్టుంటుంది. ఇది కూడా పొగరేనేమో, ఏమో. షాపావిడ ఇది రాస్తూ ఏడుస్తోంది, అక్షరాలు చెదిరితే సర్దుకో.

ఆయన ఏం రాసినా చదవకు. మూల చూడు.

అక్క

*

గురుమందిరం

ప్రియ సోదరా,

శుభాశీస్సులు. మేము క్షేమము. మా మనసు మిక్కిలి ప్రశాంతముగా ఉన్నది. లౌకిక సంభాషణ మాకు భారమైనందున మౌనము స్వీకరించితిమి. ఆహారమును కూడా విడిచి ఈనాటికి అయిదు రోజులు. నీరు మాత్రమే తీసుకొనుచున్నాము. రెండు సంవత్సరముల గడువు భక్తుల ప్రేమ వలన కలిగినది గానీ మాకు దానియందు ఆసక్తి లేదు. మా గురుదేవుల సన్నిధికి చేరుటకు వచ్చే గురువారము అనుకూలమని సంకల్పించితిమి. నీవు వృద్ధుడవు, ప్రయాణపు శ్రమ పడవద్దు. అక్కడి నుండియే నమస్కరించుము.

ఇట్లు,
అమ్మ

(సోదరులకు మనవి. పై వాక్యాలు అమ్మగారి కనుసైగలను బట్టి నేను గ్రహించి రాసినవి. కుట్టుపని మానిపించి కత్తెర భద్రపరిచాము. అయితే సూది, ఎర్రదారం మాత్రం వదల్లేదు. ఉత్తరం మడిచేముందు చేతిలోంచి లాక్కుని, మూలన స్వహస్తాలతో కుట్లు వేశారు. చేతులు బలహీనంగా ఉన్నా చాలా శ్రద్ధగా, లెక్కపెడుతూ నాలుగు వేశారు. నాలుగు దిక్కులకూ ఆశీర్వాదమని మాకు స్ఫురించింది, నోటుబుక్కులో రాసుకున్నాను. పంపేముందు దానికి అందరం నమస్కరించాము. హెడ్మాస్టరు.)

*

లారీ షెడ్డు వెనక గది

హెడ్మాస్టరుగారికి నమస్కారాలు. ఇది మా అక్కకి దగ్గర కూర్చుని, కాస్త గట్టిగా చదివి వినిపించండి. ఆవిడకి కుడి చెవి మందం. ఇది మీకు బుధవారం పొద్దున్నే అందుతుంది.

అక్కా,

నీ ఉత్తరం చదివాను. ఎంత గొప్ప భాష! మన ఇంట్లో ఇంత భాష ఉందని నాకు తెలీదు. నీ మనసు ప్రశాంతంగా ఉందన్నావు, అంతకంటే నాకేం కావాలి? హెడ్మాస్టరుగారు రాసినట్టు నువ్వు వేసిన కుట్లు లెక్కపెట్టుకుని, నాలుగూ కళ్ళకద్దుకున్నాను.

ఇక్కడ అంతా మామూలే. అల్లుడి లారీకి బ్రేకులు బిగించారు. ఎక్కడికో లోడు వెయ్యాలట, బుధవారం మధ్యాహ్నానికి. షాపావిడ మొన్న దారిలో కనబడింది, మా ఇంట్లోనే దిగింది. నీ వెనక మెట్ల గురించి మాట్లాడుకున్నాం. ఊరికే, పాత కబుర్లు.

నువ్వు కుట్టు నేర్చుకునే రోజుల్లో చలికి తాత బొంత చుట్టుకుని, వాకిట్లో కూర్చునేదానివి. అలా ఒకసారి కూర్చుని చూడరాదా, ఎండ తగులుతుంది. రెండు గుక్కలు నీళ్ళెక్కువ తాగు. గురువుగారి మీద ఒట్టు.

నేను రాను అక్కా. పెద్దవాణ్ణయ్యాను, ప్రయాణాలు పడవు. నేను తిండికి రానన్నప్పుడల్లా నువ్వు ఏం చేసేదానివో, బుధవారం అదే చెయ్యి.

ఎంతమాత్రం రాను.

బుడ్డోడు